వియ్యపురాలు తెచ్చిన నల్ల ముసుగు

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే బస్సులో కూర్చున్న వాళ్ళకు జగ్గయ్యపేట, నందిగామ కిటికీలోంచి కనబడి వెనక్కి వెళ్ళిపోయే బోర్డులు. అనంతపురంలో స్థిరపడిన నాకూ నిన్నమొన్నటి వరకు అంతే. ఈసారి మిరప కోతల కాలంలో ఒక పెళ్ళికి వెళ్ళి కొన్నాళ్ళు అక్కడే ఉన్నాను. రోజూ డైరీ రాసే అలవాటు కాబట్టి చూసినవి, తిన్నవి, విన్నవి మరిచిపోలేదు. ఆ వైపు వెళ్ళని వాళ్ళ కోసం వాటిలో కొన్ని ఇక్కడ చెబుతున్నాను.

పెళ్ళికొడుకు ప్రకాశ్. వాళ్ళ నాన్న దేవదానం, నేను నీటిపారుదల శాఖలో చాలా ఏళ్ళు ఒకే గదిలో పనిచేశాం. దేవదానం సొంత ఊరు చిల్లకల్లు. తర్వాత నందిగామకు బదిలీ చేయించుకుని వెళ్ళాడు, అక్కడే కన్నుమూశాడు. ఆయన భార్య శాంతమ్మగారు నందిగామలో టీచరుగా చేసి రిటైరయ్యారు. ప్రకాశ్‌కు బెంగళూరులో ఉద్యోగం. అదే ఆఫీసులో పనిచేసే ఎలెనా అనే స్పెయిన్ అమ్మాయిని చేసుకుంటున్నాడు. ఇద్దరివీ క్యాథలిక్ కుటుంబాలే కాబట్టి పెళ్ళి చర్చిలో జరిపించడానికి ఎవరికీ అభ్యంతరం రాలేదు.

బయలుదేరే ముందు పాత పుస్తకాల దుకాణంలో ఇంగ్లీషు–స్పానిష్ నిఘంటువు ఒకటి కొన్నాను. ముందుగా చుట్టరికాల మాటలు చూశాను. పెళ్ళిలో వాటితోనే కదా పని. ఇంగ్లీషు మదర్-ఇన్-లా వాళ్ళకు సుయెగ్రా. సిస్టర్-ఇన్-లా కున్యాదా. మన పిన్ని, పెద్దమ్మ, అత్త ముగ్గురూ ఇంగ్లీషులో ఒకే ఆంటీ అయినట్టు స్పానిష్‌లోనూ ఒకే తీయా. వియ్యపురాలి కోసం వెతికాను. ఇంగ్లీషులో ఆ మాటే లేనప్పుడు ఏ అక్షరం కింద వెతకాలి? వాళ్ళకూ లేదు కాబోలు అనుకుని పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను.

నందిగామ

బస్టాండు ఎదురు హోటల్లో ఇడ్లీ తిన్నాను. ప్లేటు నలభై రూపాయలు. మా వైపు కంటే ఎక్కువే, కానీ ఇడ్లీలు పెద్దవి. మాకు వేరుశనగ చట్నీ లేకపోతే ఇడ్లీ దిగదు. ఇక్కడ అల్లం చట్నీ వేసి దాని మీద కారప్పొడి, నెయ్యి కూడా వేశారు. కళ్ళలో నీళ్ళు తిరిగినా రెండోసారి వేయించుకున్నాను.

బయట ఆటో ఆపి, "టీచర్ల కాలనీకి ఎంత తీసుకుంటావప్పా?" అని అడిగాను.

"ఎక్కండి. సీమ నుంచొచ్చారా?"

"ఎలా తెలిసింది?"

"అప్పా అన్నారుగా! మా దగ్గర ఎవరంటారండీ అట్టా? ఎవరింటికి, శాంతమ్మ టీచరుగారింటికా? ఆవిడ నాకు మూడో తరగతిలో పాఠం చెప్పారు. బెత్తం విరిగిందిగానీ నాకు లెక్కలు రాలేదు." డబ్బులు మాత్రం సరిగ్గానే లెక్కపెట్టి తీసుకున్నాడు.

శాంతమ్మగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. "రండి అన్నయ్యగారూ. ఆయనుంటే బస్టాండుకే వచ్చేవారు." ఇల్లంతా చుట్టాలు, గిన్నెల చప్పుడు. మాటల్లో ఆమె పెళ్ళికి కట్టుకునే చీర చూపించారు. లేత బూడిద రంగు నేత చీర, అంచు కూడా సన్నం. కొంచెం రంగుది తీసుకోవలసింది అన్నాను.

"నాదేముందండీ, వెనకాల కూర్చునేదాన్ని."

అప్పుడు తెలిసింది. ఈ ఇంటి పద్ధతిలో పెళ్ళికొడుకును గుడి గుమ్మం నుంచి పీఠం దాకా ఇంటి ఆడమనిషి ఒకరు చెయ్యి పట్టి తీసుకువెళతారు. చర్చిని ఇక్కడ వాళ్ళు గుడి అనే అంటారు. తల్లి ముత్తైదువ అయితే తల్లి, కాకపోతే మేనత్త. భర్త పోయినావిడ ముందు నడవకూడదు. చర్చిలో అలాంటి నియమమేమీ లేదు, ఫాదర్‌గారు అడగరు కూడా. ఇంట్లో ఆడవాళ్ళే పాటించుకుంటారు. మా ఇళ్ళలోనూ ఇంతే. మా చెల్లెలు తన కూతురి పెళ్ళిని వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూసింది.

"వాణ్ణి బళ్ళో వేసింది నేనే, కాలేజీలో చేర్చింది నేనే," అన్నారు శాంతమ్మగారు చీర మడత పెడుతూ. "ఆ నాలుగడుగులు కూడా వేస్తే బాగుండేదనిపిస్తది. సర్లెండి, వదినగారు పెద్దావిడ. ఆవిడ చేతిలో పెడితే వాడికీ మంచిదే." ఆ తర్వాత కాఫీలో పంచదార ఎంత వేయాలని అడిగారు.

గరికపాడు

మర్నాడు పెళ్ళికూతురి వాళ్ళు విమానం దిగి హైదరాబాదు నుంచి కారులో వస్తున్నారు. ఎదురెళ్ళడానికి ప్రకాశ్, నేను గరికపాడు వెళ్ళాం. ఆంధ్ర, తెలంగాణ సరిహద్దు అది. చెక్‌పోస్టు, వరసగా ఆగిన లారీలు, వాటి చక్రాలకు నీళ్ళు కొడుతున్న క్లీనర్లు, రోడ్డు పొడవునా ధాబాలు. ఒక ధాబాలో కూర్చున్నాం. "కూసోండ్రి సార్, చాయ్ తెస్త," అన్నాడు కుర్రాడు. పక్క ధాబాలో "కూర్చోండి బాబాయ్, టీ చెప్పనా?" అంటున్నారు. ఒకే రోడ్డు పక్కన రెండు రాష్ట్రాల టీ తాగవచ్చు. టీ నా చొక్కా మీద ఒలికింది. సాయంత్రం దాకా ఆ మరకతోనే తిరిగాను.

కారులోంచి ముగ్గురు దిగారు. ఎలెనా, వాళ్ళమ్మ పిలార్, పిలార్ తమ్ముడు మానుయేల్. పిలార్ పొట్టిగా, గట్టిగా ఉన్నారు. చేతిలో మడత విసనకర్ర. దాన్ని టక్కున విప్పి టక్కున మూస్తూ మాట్లాడతారు, ఆ చప్పుడు కూడా మాటల్లో భాగమే అనిపిస్తుంది. ఆమెకు స్పానిష్ తప్ప రాదు. మన వాళ్ళతో మాట్లాడాలంటే ఎలెనా ఇంగ్లీషులో చెబితే నేను తెలుగు చేయాలి. ప్రకాశ్ ఇద్దరికీ మధ్య నవ్వుతూ కూర్చున్నాడు.

మానుయేల్ ప్లేటులోని చల్లమిరపకాయను చిప్స్ లాంటిదనుకుని మొత్తం నోట్లో వేసుకున్నాడు. ఆ తర్వాత కాసేపు సంభాషణ జరగలేదు.

అతను తేరుకున్నాక పిలార్ చుట్టూ చూసి ఏదో అడిగారు. ఎలెనా నాతో, "మా అమ్మ తన కోన్‌సుయెగ్రా ఎందుకు రాలేదని అడుగుతోంది," అంది.

"అంటే?"

"ప్రకాశ్ వాళ్ళమ్మ మా అమ్మకు ఏమవుతుందో అది. ఇంగ్లీషులో లేదు కదా, ఎలా చెప్పాలి?"

చెప్పనక్కర్లేదన్నాను. వాళ్ళమ్మకు వియ్యపురాలు అనే మాట నేర్పించాను. పిలార్ నాలుగుసార్లు పలికి "వీయపురాలా" దగ్గర ఆగిపోయారు. ఇంత దూరం నుంచి వచ్చిన వాళ్ళకు మన చుట్టరికం పేరుతో సహా ఉండడం నాకు నిజంగా సంతోషం వేసింది. వియ్యపురాలు ఇంటి దగ్గర ఎదురుచూస్తోందని చెప్పాను.

చిల్లకల్లు

తిరుగు దారిలో చిల్లకల్లులో భోజనం. దేవదానం అక్క రూతమ్మగారి ఇల్లు అది, ఆమె భర్త అప్పటికి చేలో ఉన్నాడు. వాకిలి నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. దిగగానే అందరం తుమ్మాం. రూతమ్మగారు తలలో నల్ల వెంట్రుక ఒక్కటి కూడా లేని మనిషి, గొంతు మాత్రం వీధి చివరి దాకా వినిపిస్తుంది. నాటుకోడి పులుసు, గోంగూర పచ్చడి, ముద్దపప్పు పెట్టారు. మా వైపు కోడి కూరకు సంగటి కావాలి. ఇక్కడ గారెలు. రెండూ మంచివే.

వియ్యాలవారిని ఆట పట్టించడం ఈ వైపు మర్యాద కింద లెక్క. రూతమ్మగారు వెంటనే మొదలుపెట్టారు. "ఏందమ్మా వియ్యపురాలా, ఆ విసనకర్ర వదలవేం? మా ఇంట్లో అంత ఉక్కపోస్తందా?"

నేను చెప్పాను, ఎలెనా చెప్పింది. పిలార్ విసనకర్ర మూసి రూతమ్మగారి చేతిలో పెట్టి, నువ్వే విసురు అన్నట్టు సైగ చేశారు. పంక్తి అంతా నవ్వింది. రూతమ్మగారు నిజంగానే విసరడం మొదలుపెట్టారు.

ఎలెనా వరసలు నేర్చుకోవాలని ఉబలాటపడింది. "ఈమె ప్రకాశ్‌కు అత్త. నాకు అత్త ప్రకాశ్ వాళ్ళమ్మ. అయితే నాకు అత్తలు ఇద్దరా?"

"కాదే పిచ్చిపిల్లా," అన్నారు రూతమ్మగారు. "వాడికి నేను అత్తనైతే నీకు పెద్దమ్మ వరస."

"ఒకే మనిషి అతనికి అత్త, నాకు పెద్దమ్మా?" ఎలెనా చెయ్యి గాలిలో ఆగింది. ఎందుకలా అవుతుందో ఇంగ్లీషులో చెప్పబోయి, మేనరికం దగ్గర తడబడి మానేశాను. వాళ్ళకు అటు తీయా, ఇటు సుయెగ్రా, రెండూ ఎప్పుడూ కలవవు. మాకు కలవకుండా ఉండవు.

పెరుగు వడ్డిస్తూ రూతమ్మగారు అన్నారు, "అబ్బాయిని గుళ్ళోకి నేనే తీసుకెళ్తా. కంచి పట్టుచీర తీసి పెట్టుకున్నా. నా కడుపున ఎవరూ పుట్టలేదు, ఇదొక్కటే నాకు." ఈ మాటను ప్రకాశ్ ఎలెనాకు చెప్పలేదు. విస్తరి వైపు చూస్తూ కూర్చున్నాడు. అడగనిది చెప్పడం దుబాసీ పని కాదని నేనూ ఊరుకున్నాను.

మళ్ళీ నందిగామ

పెళ్ళికి ముందు పెళ్ళికూతురు అత్తవారి గడప తొక్కకూడదు కాబట్టి వాళ్ళను లాడ్జిలో దింపారు. మర్నాడు మధ్యాహ్నం పిలార్, మానుయేల్ ఇద్దరే కానుకలు పట్టుకుని వచ్చారు. ప్రకాశ్ చర్చి పని మీద జగ్గయ్యపేట వెళ్ళాడు. రూతమ్మగారు అప్పటికే సామానుతో దిగారు. భాష తెలిసిన వాళ్ళు ఎవరూ లేరు, నేనూ నా నిఘంటువూ తప్ప.

గుమ్మంలోనే పిలార్ చేతులు చాచి "వీయపురాలా!" అన్నారు. శాంతమ్మగారు నవ్వుతూ కుర్చీ వేశారు. వచ్చిన వాళ్ళు ఆలివ్ నూనె డబ్బా, బాదం మిఠాయి ఇచ్చారు. చివరగా పిలార్ పల్చని కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి చాలా జాగ్రత్తగా విప్పారు. అందులో నల్లటి లేసు ముసుగు ఉంది. అంచంతా పువ్వులు, సాలెగూడంత సన్నటి పని. దాన్ని రెండు చేతులతో ఎత్తి శాంతమ్మగారి తల మీద వేశారు.

వంటింట్లోని ఆడవాళ్ళు చేతిలో గిన్నెలతోనే గుమ్మంలోకి వచ్చారు.

"పెళ్ళింట్లో నల్లగుడ్డేంటమ్మా?" అంది పక్కింటావిడ.

రూతమ్మగారు లేచారు. "ముండమోసిందని తెలుసుకుని మరీ తెచ్చింది! నువ్విట్టాంటిదానివి, ఇదేసుకుని మూలన కూర్చోమని చెప్పడానికి ఇంత దూరం నుంచి రావాలా?" ముసుగు లాగి పిలార్ చేతిలో పెట్టారు.

పిలార్‌కు మాట అర్థం కాలేదు, పని అర్థమయింది. ఆమె ముఖం ఎర్రబడింది. మానుయేల్ నా వైపు తిరిగి ఏదేదో చెప్పాడు. మద్రీనా అనే మాట ఒకటి మాటిమాటికీ వినిపించింది. నిఘంటువు వెనక సగంలో, స్పానిష్ వైపు, వెతికితే జ్ఞానతల్లి అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఉంది. బాప్తిస్మానికి బిడ్డను ఎత్తుకునే ఆవిడ. ఇక్కడ బాప్తిస్మం ఎవరికి? నాకు తోచలేదు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

శాంతమ్మగారు వాళ్ళు వదిలి వెళ్ళిన నూనె డబ్బా, మిఠాయి సర్దారు. చివరికి, "అబ్బాయి చెవిన వేయకండి. ఎవరూ వేయొద్దు," అన్నారు.

"రేపు దాని కూతురు వచ్చి నీ నెత్తినెక్కితే?" అన్నారు రూతమ్మగారు.

"అప్పుడు చూద్దాం వదినా. పెళ్ళయితే కానీ."

వేదాద్రి

ఆ మర్నాడు పొద్దున్నే ఎలెనాను, పిలార్‌ను వేదాద్రి తీసుకువెళతానని ముందే ఒప్పుకుని ఉన్నాను. వాళ్ళకు కృష్ణానది చూడాలని, నాకు నరసింహస్వామి దర్శనం చేసుకోవాలని. మానేద్దామా అనుకున్నాను కానీ వాళ్ళు తయారై లాడ్జి బయట నిలబడి ఉన్నారు. చిల్లకల్లు దాకా హైవే, అక్కడి నుంచి మిరప చేలు, పత్తి చేల మధ్య చిన్న రోడ్డు.

నేను దర్శనం చేసుకుని పులిహోర పొట్లంతో వస్తుంటే కోతి ఒకటి దాన్ని లాక్కుని ప్రాకారం ఎక్కి నా ఎదురుగానే తింది. తల్లీకూతుళ్ళు రేవు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. కృష్ణ అక్కడ వెడల్పుగా, నింపాదిగా ఉంటుంది. మా వైపు పెన్నలో ఇసుక చూసి పెరిగిన వాడికి అంత నీళ్ళు చూస్తే కాస్త అసూయ కలుగుతుంది.

ఎలెనా నేరుగా అడిగింది. "ప్రకాశ్ వాళ్ళమ్మకు మద్రీనాగా ఉండడం ఇష్టం లేదా?"

మద్రీనా అంటే ఏమిటో ముందు చెప్పమన్నాను.

"మా పెళ్ళిలో పెళ్ళికొడుకును పీఠం దాకా నడిపించే ఆవిడ. మామూలుగా అతని తల్లే. ఆ రోజు తల మీద నల్ల లేసు వేసుకుంటుంది. మాంతీయా అంటాం. పెళ్ళిలో ఇంకెవరూ వేసుకోకూడదు, ఆవిడొక్కతే. మా అన్న పెళ్ళికి అమ్మ దీన్నే వేసుకుంది. మా నాన్న పెళ్ళికి మా నానమ్మ వేసుకున్నదీ ఇదే."

"ఇలా అడగకూడదు కానీ, మీ అన్న పెళ్ళినాటికి మీ నాన్నగారు ఉన్నారా?"

"లేరు. ముందే పోయారు."

నేను మెట్టు మీద కూర్చున్నాను. నల్లగుడ్డ అంటే ఆ ఇంట్లో ఏమనుకున్నారో, శాంతమ్మగారిని ఎక్కడ కూర్చోబెట్టబోతున్నారో, పెళ్ళికొడుకును ఎవరు తీసుకువెళ్ళబోతున్నారో అన్నీ చెప్పాను. ఎలెనా స్పానిష్‌లోకి మారుస్తుంటే పిలార్ నది వైపే చూస్తూ విన్నారు. అంతా అయ్యాక ఒకే ప్రశ్న వేశారు.

"నా కోన్‌సుయెగ్రా ఏ బెంచీలో కూర్చుంటుంది?"

"చిట్టచివరి దాంట్లో."

"అయితే నేనూ అక్కడే కూర్చుంటానని చెప్పండి."

మధ్యాహ్నం శాంతమ్మగారికి, రూతమ్మగారికి విషయం మొత్తం చెప్పాను. శాంతమ్మగారు అడిగింది ఒక్కటే. "ఆవిడకీ భర్త లేడా?" లేడన్నాను. రూతమ్మగారు చాలాసేపు ఆకువక్క నమిలారు. "అవమానించలేదంటే సరే. నోరు జారాను, రేపు ఆ తల్లిని క్షమించమంటా. కానీ వాళ్ళ దేశం వాళ్ళది, మన ఇల్లు మనది. అబ్బాయికి ఏదన్నా అయితే మళ్ళీ ఏడ్చేది మనమే." శాంతమ్మగారు ఒప్పుకున్నట్టు కనబడలేదు. లేచి బియ్యం కడగడానికి వెళ్ళారు.

జగ్గయ్యపేట

పెళ్ళి జగ్గయ్యపేట చర్చిలో. ఊరు బౌద్ధ స్తూపానికి పేరున్నదని విని పెందలాడే వెళ్ళి చూశాను. గుట్ట మీద గుండ్రని ఇటుకల దిబ్బ, చుట్టూ రాతిపలకలు. మంచి శిల్పాలు మ్యూజియాలకు వెళ్ళిపోయాయన్నాడు అక్కడ మేకలు కాస్తున్న పెద్దాయన. దిగి వచ్చి బజారులో పెసరట్టు తిన్నాను. పూల దుకాణంలో మూర మల్లెలు యాభై అన్నారు. పెళ్ళిళ్ళ రోజులు, తగ్గదట.

చర్చి ఆవరణ నిండింది. గుమ్మం దగ్గర ప్రకాశ్ సూటులో, పక్కన రూతమ్మగారు ఎర్ర కంచిపట్టులో నిలబడ్డారు. పెళ్ళికూతురు మేనమామ మానుయేల్‌తో బయట కారులో ఉంది. నేను లోపలికి వెళ్ళేసరికి చివరి బెంచీలో శాంతమ్మగారు బూడిద రంగు చీర కొంగు తల మీద కప్పుకుని కూర్చున్నారు. ఆమె పక్కన పిలార్ కూర్చుని ఉన్నారు. ఒళ్ళో మడత పెట్టిన నల్ల లేసు.

రూతమ్మగారు గుమ్మంలోంచి తొంగి చూశారు. "ఏంటి తమ్ముడూ, ఆవిడక్కడ కూర్చుందేం? పెళ్ళికూతురి తల్లి! ముందు కుర్చీ వేశాంగా. చెప్పు."

"చెప్పినా లేవరు అక్కయ్యగారూ. వియ్యపురాలు ఎక్కడుంటే అక్కడేనట."

గాయక బృందం కీర్తన ఎత్తుకుంది. అప్పుడు శాంతమ్మగారు లేచారు. పిలార్ ఒళ్ళోంచి ముసుగు తీసుకుని, ఎవరి సాయం లేకుండా తనే తల మీద వేసుకుని గుమ్మం దగ్గరికి నడిచారు. బెంచీల్లో ఆడవాళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు.

"వదినా, వాడి చెయ్యి ఇటివ్వు."

"శాంతా, నలుగురూ చూస్తున్నారు."

"చూడనీ. నా కొడుకుని నేను తీసుకెళ్తా."

ప్రకాశ్ ఇటు తల్లినీ అటు మేనత్తనూ చూసి, కుడి చెయ్యి తల్లి వైపు చాచాడు. ఎడమ చెయ్యి ఇంకా రూతమ్మగారి చేతిలోనే ఉంది. ఫాదర్‌గారు పీఠం దగ్గర నిలబడి ఎదురుచూస్తున్నారు. నున్నటి నేత చీర మీద లేసు నిలవక పక్కకు జారింది. శాంతమ్మగారు సర్దుకున్నారు, మళ్ళీ జారింది.

రూతమ్మగారు అది కాసేపు చూశారు. ఆపైన మేనల్లుడి చెయ్యి వదిలారు.

"ఉండు. సగం దారిలో ఊడిపడితే ఇంకా నవ్వుతారు. ఎవరి దగ్గరన్నా పిన్నీసుందా?"

ఎవరి దగ్గరా లేదు. ఆమె తన భుజం మీద పట్టుచీర పైటకు పెట్టుకున్న పిన్నీసు తీసి, పళ్ళ మధ్య పట్టుకుని, శాంతమ్మగారి తల మీద ముసుగు రెండు వైపులా సరిచేసి, కొంగుకు కలిపి గుచ్చారు. గుచ్చాక వెనక్కి జరిగి ఒకసారి చూసుకున్నారు.

"నడు," అన్నారు. "ఫాదర్‌గారు ఎంతసేపు నిలబడతారు?"

తల్లీకొడుకులు ముందుకు నడిచారు. అది చూశాకే పిలార్ లేచి తన కుర్చీకి వెళ్ళారు. ఖాళీ అయిన చివరి బెంచీలో నేను కూర్చుంటే రూతమ్మగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. బరువైన చీర, పిన్నీసు లేని పైట. పూజ పూర్తయ్యేదాకా అది జారకుండా ఒక చేత్తో భుజం దగ్గర పట్టుకునే ఉన్నారు. శిలువ గుర్తు వేసుకోవలసి వచ్చినప్పుడల్లా చేతులు మార్చుకున్నారు.